బాగ్-ఎ-ఆమ్‌లో మొలిచినవి

మా నాంపల్లి, రెడ్‌హిల్స్ గల్లీల్లో పెరిగినవాళ్లకు ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఎటు పోదామన్న ఆలోచనే ఉండదు. పబ్లిక్ గార్డెన్స్‌కే. పాతవాళ్ల నోట ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్. పందొమ్మిదో శతాబ్దంలో, నిజాంల ఏలుబడిలో వేసిన తోట ఇది. నగరంలోని అన్నిటికంటే పాత పార్కుల్లో ఒకటి. వచ్చినవాళ్లు చెట్టు నీడ చూసుకుని దుప్పటి పరుస్తారు, పల్లీల పొట్లం విప్పుతారు, పిల్లల్ని పచ్చిక మీదికి వదిలేస్తారు. ఆ పిల్లలు ఉరికే నేల మీద ఏమేం జరిగిందో చెప్పుకుంటూ పోతే సగం హైదరాబాదు కథ వస్తుంది. నన్నడిగితే ఇది ఈ నగరానికి నారుమడి. ఇక్కడ మొలకెత్తి, చోటు చాలక, వేరేచోట వేళ్లూనుకున్నవి తక్కువేం కాదు.

నుమాయిష్‌నే తీసుకోండి. ప్రతి జనవరిలో మనం ఎగబడి పోయే ఆ ఎగ్జిబిషన్ పుట్టింది ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కాదు, ఈ తోటలో. ఉస్మానియాలో చదువుకున్న కొందరు యువకులకు నిజాం రాజ్యంలో ఆర్థిక సర్వే జరిపించాలని ఆశ. దానికి డబ్బు కావాలి. ఇక్కడ తయారయ్యే సరుకులన్నీ ఒకచోట పెట్టి జనానికి చూపిస్తే ఖర్చుకు నాలుగు పైసలు వస్తాయి, ఊరి పనివాళ్లకు గిరాకీ కూడా దొరుకుతుందని అనుకున్నారు. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలని చెప్తారు. 1938లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ వచ్చి ప్రారంభించారు. పేరు ‘నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కి’, అంటే మన ముల్కులో చేసిన వస్తువుల ప్రదర్శన. దుకాణాలు కొన్నే, రోజులూ కొన్నే. కానీ ఏటేటా జనం పెరిగారు, తోట సరిపోలేదు. 1946లో, మీర్జా ఇస్మాయిల్ దివాన్‌గా ఉన్నప్పుడు, ఇప్పుడున్న మైదానానికి మార్చారు. ఆ తర్వాతి రెండేళ్లు రాజ్యం అల్లకల్లోలంగా ఉండి నుమాయిష్ జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ మొదలైంది. ఇవాళ అక్కడ గాజులూ శాలువాలూ బేరమాడే ఆడవాళ్లలో ఎంతమందికి ఇదంతా మన తోటలో మొదలైందని తెలుసో! నేను మాత్రం కనిపించినవాళ్లందరికీ చెప్తూనే ఉంటాను.

జంతువుల సంగతీ అంతే. ఊరి జూ ఒకప్పుడు ఇక్కడే ఉండేది. మీర్ ఆలం చెరువు దగ్గర నెహ్రూ జూ 1963లో తెరిచాక అటు వెళ్లిపోయింది. ఈ తోటలో పులుల్ని చూసి భయపడ్డ పిల్లలు ఇప్పుడు తాతలూ ముత్తాతలూ అయి, మనవళ్లతో ఆ కొత్త జూకు పోతున్నారు.

వెళ్లిపోనివీ ఉన్నాయి. తోటను ఆనుకుని తెల్లగా మెరిసే అసెంబ్లీ పాత భవనం నిజానికి టౌన్‌హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజుకు నగరవాసులు చందాలు వేసుకుని 1905లో పునాది వేయించారు. పూర్తయ్యేసరికి 1913, అప్పటికి ఆయన లేరు. జూబిలీ హాలులో 1937లో ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవం జరిగింది. శాహీ మసీదు 1924 నాటిది. శుక్రవారం నమాజుకు నిజాం స్వయంగా ఇక్కడికి వచ్చేవారు.

ఇంటిల్లిపాదీ వచ్చినప్పుడు నేను దాటిపోనివ్వనిది మ్యూజియం. 1920లో కట్టిన భవనం, అందులో మ్యూజియం 1930లో మొదలైంది. అజంతా అప్పట్లో నిజాం ఇలాకాలోనే ఉండేది కాబట్టి అక్కడి చిత్రాల నకళ్లు ఇక్కడ చూడొచ్చు. కానీ పిల్లల కాళ్లు ఆగేది ఈజిప్టు మమ్మీ దగ్గరే. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చారట. ఆయన దాన్ని ఉస్మాన్ అలీఖాన్‌కు కానుకగా ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చేశారు. గాలి తగిలి పాడవుతుంటే ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపిన అద్దాల పెట్టెలో పెట్టారు. సెలవుల్లో మా తమ్ముడి పిల్లల్ని తీసుకుపోయాను. చిన్నది అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరితో మసకైన చోట వేలితో తుడిచి, “అత్తమ్మా, ఈమె లేవదా?” అంది. వాళ్లన్న వెంటనే, “రెండున్నర వేల ఏండ్ల సంది పండుకునే ఉందట, ఇప్పుడేం లేస్తది!” అన్నాడు. బయటికి వచ్చాక కూడా అది వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఇక జవహర్ బాలభవన్. 1960ల నుంచీ మా చుట్టుపక్కల పిల్లల పాట, ఆట, బొమ్మలు వేయడం, మట్టితో చేయడం చాలావరకు ఇక్కడే మొదలు. పెద్ద ఫీజులు కట్టలేని ఇళ్ల పిల్లలకు కూచిపూడో తబలానో అందిన చోటు. నారుమడి అన్నానే, ఆ మాట అన్నిటికంటే దీనికే తగుతుంది. రాజులు కట్టించిన హాళ్లకంటే నాకు ఇదే ఎక్కువ. తోటలో ఏ మరమ్మతు జరిగినా మొదటి రూపాయి బాలభవన్‌కు, దాని చుట్టూ ఉన్న ఖాళీ జాగాకు పోవాలి. ఇంకో భవనం మాత్రం వద్దు.

జెండా పండుగలు ఇప్పుడు ఇక్కడ జరుగుతున్నాయి. 2022 సెప్టెంబరు 17న అప్పటి ముఖ్యమంత్రి జెండా ఎగరేసింది ఈ తోటలోనే. మంచిదే, ఊరి తోటకు అది గౌరవమే. అలాంటి వేడుకలకు పెట్టే ఖర్చులో రవ్వంత తీసి నాలుగు రాతి పలకలు పెట్టించమని నా కోరిక. జూ ఇక్కడుండేదని ఒకటి, 1938లో తొలి నుమాయిష్ ఇక్కడ జరిగిందని ఒకటి, టౌన్‌హాల్ జనం చందాలతో లేచిందని ఒకటి, బాలభవన్ ముందు ఒకటి. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, పిల్లలకు అందే ఎత్తులో. మెట్రో అసెంబ్లీ స్టేషన్లో దిగి మొదటిసారి వచ్చే కుటుంబానికి ఎవరినీ అడగకుండానే అంతా తెలిసిపోతుంది.