మన ఊరి చరిత్ర ఎవరు రాయాలి?

మాది వేంసూరు మండలం. ఖమ్మం జిల్లాలో ఆ చివర. సత్తుపల్లి దాటి కాస్త పోతే మా ఊళ్ళు, ఇంకాస్త పోతే ఆంధ్రా. 2019లో దసరా సెలవులకి ఊరెళ్తే మా మేనల్లుడు నేల మీద చార్టు పరుచుకుని కూర్చున్నాడు. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. "మన ఊరి చరిత్ర" అని బళ్ళో ప్రాజెక్టు పని ఇచ్చారట. వీడు సత్తుపల్లిలో నెట్ సెంటరుకెళ్ళి, తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ ప్రింటు తీయించుకొచ్చి, స్కెచ్ పెన్నుతో దాన్ని చార్టు మీదకి దించుతున్నాడు.

"ఇది చరిత్ర కాదురా, జనాభా లెక్కలు" అన్నాను.

"మా క్లాసులో అందరూ ఇదే రాస్తున్నారు మామయ్యా. ఇంతకీ ఇది రాసిందెవరు? మన ఊరాయనేనా?"

ఫోన్లో ఆ పేజీ తెరిచి పైనున్న "చరిత్ర" మీద నొక్కి చూపించాను. ఏ తేదీన ఎవరు ఏ ముక్క చేర్చారో, ఎవరు తీసేశారో వరుసగా ఉంది. మనం రోజూ ఆఫీసులో చూసే వెర్షన్ కంట్రోల్ లాంటిదే. అందులో మా ఊరివాళ్ళెవరూ లేరు. 2011 జనగణన పట్టికల్ని వాక్యాలుగా మార్చి పెట్టిన ఔత్సాహికుల పని అది. వాళ్ళని తప్పుపట్టడానికేమీ లేదు, వాళ్ళే లేకపోతే ఆ పేజీయే లేదు. కానీ మా చెరువు ఎవరు తవ్వించారో, బడి ఎప్పుడొచ్చిందో జనగణనకి ఎలా తెలుస్తుంది?

ఊరి గురించి బయటివాళ్ళు రాసుకోవడం మనకి కొత్తేం కాదు. రెండు వందల ఏళ్ళ కింద కల్నల్ మెకంజీ కోసం మన ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య ఊళ్ళు తిరిగాడు. 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. కరణాలు, పెద్దవాళ్ళు చెప్పిందీ రాసిచ్చిందీ పోగుచేస్తే అవే మనం కైఫియత్తులు అంటున్నవి. తర్వాత సీపీ బ్రౌను వాటికి నకళ్ళు రాయించి బైండు చేయించాడు. అంటే చాలామంది చేతులు పడ్డ రాతే. కాకపోతే ఒకసారి కట్టలో చేరాక ఆ ఊరి మనిషికి మళ్ళీ కనపడలేదు. "అయ్యా, మా తాత పేరు తప్పు పడింది" అని దిద్దే వీల్లేదు.

తర్వాత కొమర్రాజు లక్ష్మణరావుగారు. పుట్టింది పెనుగంచిప్రోలు, మా వైపు నుంచి మరీ దూరమేం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఆయన పూనికతో వచ్చినవే. తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. మూడు సంపుటాలకీ "అ" అక్షరం దాటలేదు. 1923లో ఆయన పోయారు. ఎంత గొప్పవాడైనా ఒక మనిషి భుజాల మీద మోసే పనికి అంతే ఆయుష్షు.

అన్నట్టు, 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. ఆయన అప్పటికి మా వేంసూరు ఎమ్మెల్యేనే :-) కానీ తెలుగుని అందరి చేతికీ ఇచ్చింది మాత్రం సభలు కాదు, కీబోర్డు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు కొట్టడం మనలాంటివాళ్ళకి తేలికైంది. ఈరోజు అందులో లక్షకి పైగా వ్యాసాలున్నాయి, వాటిలో ఊళ్ళ పేజీల వాటా చాలా పెద్దది. కందుకూరు అని వెతికితే ప్రకాశం వైపుది ఒకటి, రంగారెడ్డిది ఒకటి, మా వేంసూరు మండలంలోది ఒకటి. ఏది ఏదో తేల్చడానికి "అయోమయ నివృత్తి" అని విడిగా పేజీ ఉంటుంది. ఈ మాట మా మేనల్లుడికి భలే నచ్చింది.

మరి బడి సంగతి? 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల హైస్కూళ్ళకి కంప్యూటర్లు ఇచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం. 2013లో అది ముగియగానే బోధకులు ఇళ్ళకెళ్ళారు, చాలాచోట్ల గదులకి తాళాలు పడ్డాయి. 2017లో దీక్ష వచ్చింది, తర్వాత పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు వచ్చాయి. కరోనా ఏడాది, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ సర్కారు బడుల పిల్లలకి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు. ఒక్కోటీ అవసరానికి ఆదుకున్నదే, కాదనను. కానీ గమనించండి, అన్నీ పిల్లలకి చూపించేవే. పిల్లలు రాసేది ఒక్కటీ లేదు.

ఇదే కాలంలో కేరళ ఏం చేసిందో చూడండి. ఐటీ ఎట్ స్కూల్ 2001లో మొదలైంది, 2009లో స్కూల్ వికీ పెట్టారు. ఒక్కో బడికి మలయాళంలో ఒక పేజీ. ఆ బడి చరిత్ర, ఆ ఊరి చరిత్ర, అక్కడి జానపద విషయాలు టీచర్లూ పిల్లలూ కలిసి రాస్తారు. కంప్యూటర్లు మనమూ కొన్నాం. తేడా ఎక్కడొచ్చిందంటే, వాళ్ళు దాన్ని బడి పనిలో భాగం చేశారు.

రాయమంటే చాలదు, అది కూడా నిజమే. 2011లో పుణె కాలేజీల్లో విద్యార్థులతో ఇంగ్లీషు వికీపీడియాలో రాయించబోతే, చాలామంది పుస్తకాల్లోంచి, సైట్లలోంచి ఎత్తి అంటించారు. దిద్దేవాళ్ళు దిద్దలేక గగ్గోలు పెట్టారు. ఆ ఏడాదే ఆ ప్రయత్నం ఆపేయాల్సొచ్చింది. మా వాడి చార్టు కథే, కాస్త పెద్ద సైజులో.

సరే, మా కథకొద్దాం. మా వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ రెండ్రోజులు ఊరంతా తిరిగి ముసలాళ్ళని అడిగి నోట్సు రాసుకొచ్చారు. చెరువు గురించి ఇద్దరు పెద్దవాళ్ళు రెండు కథలు చెప్పారు. ఎక్కించిన గంటలోనే "మూలం లేదు" అని ఎవరో తీసేశారు. పిల్లలు డీలాపడిపోయారు. నాకూ ఒళ్ళు మండింది, మా ఊరి సంగతి మాకు తెలియదా అని! కానీ ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే. మర్నాడు పిల్లలు మళ్ళీ బయల్దేరి, బడి గోడలో సున్నం కింద మరుగునపడ్డ శంకుస్థాపన రాయిని తడిగుడ్డతో తుడిచి ఫోటో తీసుకొచ్చారు. తేదీ ఉంది. ఊళ్ళో అందరూ చెప్పే సంవత్సరానికీ దానికీ నాలుగేళ్ళు తేడా! ఏ పాఠంలో నేర్పుతారండీ ఇది?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. రాత్రి కూర్చుని వాళ్ళ వాక్యాలన్నీ నేనే "బాగుచేసి" నా ఖాతాలోంచి ఎక్కించేశాను. పొద్దున్నే వాడు చదివి, "బాగుంది మామయ్యా, కానీ ఇది మేం రాసింది కాదు కదా" అన్నాడు. చరిత్రలో చూస్తే నిజంగానే నా పేరే ఉంది. ఆ తర్వాత వాళ్ళు దాని జోలికి రాలేదు. బొర్రయ్యకి కరణం చెప్పినట్టు వాళ్ళు నాకు చెప్పారు, నేను కట్టలో కట్టేశాను. అంతే జరిగింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా పక్కనే భద్రాచలం అడవి ఊళ్ళున్నాయి. 1959 దాకా భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లా, తర్వాత ఖమ్మం. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా ఆంధ్రాకి వెళ్ళాయి. 2022లో మళ్ళీ జిల్లాలు మారాయి. కూనవరం, వేలేరుపాడు లాంటి మండలాల్లో ముంపు ఊళ్ళ జనం కొందరు పునరావాస కాలనీలకి చేరిపోయారు. అక్కడి బళ్ళలో తుడిచి చూడటానికి శిలాఫలకం నీళ్ళ పైన మిగలదు. ఆ ఊరి పేజీలో జిల్లా పేరు హైదరాబాదులో కూర్చుని నేనూ మార్చగలను. ఏ చింతచెట్టు కింద సంత జరిగేదో అక్కడ పుట్టిన పిల్లలూ, వాళ్ళ తాతలూ మాత్రమే చెప్పగలరు.

మనలో చాలామంది పండక్కి ఊరెళ్తాం, ల్యాప్‌టాప్ కూడా మోసుకెళ్తాం. ఈసారి ఒక్క పూట ఇంట్లో పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టండి. ఎవరి ఫోన్ నంబర్లూ సొంత వివరాలూ పెట్టకుండా చూడండి, మూలం అడగండి, తప్పుంటే చర్చ పేజీలో చెప్పండి. కీబోర్డు మాత్రం లాక్కోకండి. నాలుగు అచ్చుతప్పులుంటే ఉండనీండి, దిద్దడానికి ఎవరో ఒకరు వస్తారు.

మా వాడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఈసారి వెళ్ళినప్పుడు వాణ్ణి అడగాలి, చెరువు కథ రెండు రకాలుగానూ వాడి పేరు మీదే రాయమని.