మాదీఫలం – మాదల – మాదుళై: సరిహద్దు సీమలో ఒక ఔషధఫల నామం

సంస్కృత వైద్యగ్రంథాలలో మాతులుంగం, బీజపూరం అని వ్యవహరించిన ఫలమే తెలుగులో మాదీఫలం. చరకసంహిత సూత్రస్థానం 27వ అధ్యాయం దీనిని శూల, అరుచి, మలబంధం, అగ్నిమాంద్యం, ఎక్కిళ్లు, ఉబ్బసం, దగ్గు, వాంతులకు చెప్పింది. అంతటితో ఆగక, కేసరం లఘువనీ, తక్కిన భాగం అలా కాదనీ విడదీసింది. మందు విషయంలో పండు పేరొక్కటే చాలదన్న ఎరుక అక్కడే ఉంది.

చైనా సంప్రదాయ వైద్యం ఈ ఎరుకను నామకరణంలోకే తీసుకువెళ్లింది. మాదీఫలంలో వేళ్లవలె చీలి పెరిగే రకాన్ని అక్కడ ‘ఫోషౌ’, అంటే బుద్ధహస్తం, అంటారు. దానిని ముక్కలుగా కోసి ఎండబెట్టి కడుపుబ్బరానికి, వాంతులకు, కఫంతో కూడిన దగ్గుకు వాడతారు. చరకుని జాబితాతో ఈ పోలిక గమనింపదగినది. కమలాజాతి పండు తొక్కను ఎండబెట్టి ఏళ్ల తరబడి నిల్వచేస్తే ‘చెన్‌పి’, పాత తొక్క అని అర్థం. పుల్లనారింజ లేతపిందె ‘ఝిషి’. పక్వానికి దగ్గరపడిన పచ్చికాయ ‘ఝిచియావ్’. ఒకే చెట్టు కాయకు వయసునుబట్టి రెండు మందుల పేర్లు! నిమ్మజాతులు హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతంలో, అస్సాం, ఉత్తర మయన్మార్, యునాన్ పరిసరాలలో పుట్టాయని 2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం ప్రతిపాదించింది. కనుక ఎవరు ఎవరినుంచి నేర్చారన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పనక్కరలేదు.

మన సమస్య వేరు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల తెలుగు కన్నడానికి పొరుగున ఉంది. కుప్పంలో తమిళమూ తోడవుతుంది. కన్నడంలో మాదల అంటే మాదీఫలమే. తమిళంలో మాదుళై అంటే దానిమ్మ. రెండూ ఇంటివైద్యంలో ఉన్నవే. దానిమ్మ తొక్క విరేచనాలను కట్టడానికి వాడేది; మాదీఫలాన్ని చరకుడు చెప్పింది మలబంధానికి. పేరు పొరబడితే చికిత్స తలకిందులవుతుంది.

‘దబ్బ’ అన్న మాట ఊరగాయ పెట్టేవారికి చాలు. వైద్యగ్రంథ పరిష్కర్తకు చాలదు. వాడుకలో అది ఒకే జాతికి కట్టుబడి లేదు. (పంపరపనసకు పనసతో చుట్టరికం లేనట్టే, పేరును నమ్మి పండును నిర్ణయించలేము.) పుల్లనారింజ లేతకాయలోని సినెఫ్రిన్ రక్తపోటు ఉన్నవారికి హాని చేయవచ్చు. కాబట్టి మాతులుంగాన్ని నారింజగా అనువదించడం కేవలం పదదోషం కాదు.

పాత ఆధారాలను వెతికేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోనూ, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాడులోనూ ఉండేవి. అందువల్ల మదనపల్లెకు గ్రిబుల్ కడప మాన్యువల్ (1875), పుంగనూరుకు కాక్స్ ఉత్తర ఆర్కాడు మాన్యువల్ (1881) చూడాలి. అయితే వాడుకపేర్లకు గ్రంథాలకన్నా తోటలే మేలైన ఆకరాలు. కాయను చేతిలో పెట్టుకొని తెలుగు, కన్నడ, తమిళ భాషీయులను విడివిడిగా అడగాలి. పిందెనా, పండా, తొక్కా, గుజ్జా అన్నది పేరు పక్కనే రాసుకోవాలి. 1997లో కుప్పంలో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఈ పని చేయగల మూడు భాషలవారూ ఇరుగుపొరుగునే ఉన్నారు.