రిజిస్టరు వివాహ వేదిక మరియు ఛాయాచిత్రణ

రిజిస్టరు వివాహ వేదిక అనగా, మతపరమైన తంతు లేకుండా చట్టప్రకారం జరిగే వివాహంలో వధూవరులు వివాహ అధికారి ఎదుట ప్రమాణం చేసి సంతకాలు పెట్టే గది లేదా స్థలం. భారతదేశంలో ఇటువంటి వివాహాలు ప్రత్యేక వివాహ చట్టం, 1954 క్రింద జరుగుతాయి. తెలంగాణలో సబ్ రిజిస్ట్రార్లు ఈ చట్టం క్రింద వివాహ అధికారులుగా వ్యవహరిస్తారు. ఈ వివాహంలో జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు వంటి ఘట్టాలు తప్పనిసరి కావు. ప్రమాణం, సంతకాలు కొద్ది నిమిషాలలో ముగుస్తాయి. పెద్దల అంగీకారం లేని కులాంతర, మతాంతర వివాహాలలో ఆ నిమిషాలలో తీసిన నాలుగైదు చిత్రాలే దంపతులకు మిగిలే పెళ్ళి ఆల్బమ్ కావచ్చు. అందువలన గది ఎంపికలో వెలుతురు, స్థలం, నేపథ్యం అనే మూడు అంశాలకు ప్రాముఖ్యత ఏర్పడింది. ఈ వ్యాసంలో హనుమకొండ జిల్లాలోని మండల కేంద్రమైన ధర్మసాగర్ పరిసరాలు ఉదాహరణగా తీసుకోబడ్డాయి.

చట్టపరమైన నేపథ్యం

ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం వరునికి 21 సంవత్సరాలు, వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండాలి. వివాహ అధికారికి నోటీసు ఇచ్చే నాటికి ఇరువురిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ప్రతిని కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అతికిస్తారు. 30 రోజుల లోపు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. నోటీసు ఇచ్చిన నాటి నుండి మూడు నెలల లోపు వివాహం జరుగకపోతే మరల కొత్త నోటీసు ఇవ్వవలసి ఉంటుంది.

వివాహం రోజున వధూవరులు మరియు ముగ్గురు సాక్షులు వివాహ అధికారి సమక్షంలో ప్రకటన పత్రంపై సంతకాలు చేస్తారు. తరువాత వధూవరులు ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నట్లు తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా పలుకవచ్చు. తెలుగులో పలికినా, ఉర్దూలో పలికినా చెల్లుతుంది. చివరగా వివాహ ధ్రువపత్రాల పుస్తకంలో అందరూ సంతకాలు చేస్తారు. ఛాయాచిత్రకారుడు గుర్తుంచుకోవలసిన ఘట్టాలు ఈ మూడే: ప్రకటన, ప్రమాణం, సంతకం.

హిందూ వివాహ నమోదుతో తేడా

వాడుకలో "రిజిస్టరు పెళ్ళి" అనే మాటను రెండు వేరువేరు ప్రక్రియలకు ఉపయోగిస్తారు. హిందూ వివాహ చట్టం, 1955 క్రింద వివాహం ముందుగా గుడిలోనో, ఇంటిలోనో, కళ్యాణమండపంలోనో ఆచారప్రకారం జరుగుతుంది. కార్యాలయంలో జరిగేది దాని నమోదు మాత్రమే. ఆచారబద్ధమైన తంతు జరుగకుండా కేవలం నమోదు చేసుకున్నంత మాత్రాన అది హిందూ వివాహం కాజాలదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ఈ పద్ధతిలో తాళి కట్టడం, సప్తపది వంటి ఘట్టాల చిత్రాలు ముఖ్యం. నమోదు దరఖాస్తుతో పాటు శుభలేఖ, పెళ్ళి ఫొటో జతచేయడం పరిపాటి. ప్రత్యేక వివాహ చట్టం క్రింద మాత్రం ప్రమాణం చేసే గదియే పెళ్ళి వేదిక.

వేదికను ఎంచుకొనే అవకాశం

చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం వివాహాన్ని వివాహ అధికారి కార్యాలయంలో గాని, అక్కడి నుండి సహేతుకమైన దూరంలో వధూవరులు కోరిన మరొక చోట గాని జరుపవచ్చు. ఇందుకు నిర్ణీత షరతులు మరియు అదనపు రుసుము వర్తిస్తాయి. సహేతుకమైన దూరం ఎన్ని కిలోమీటర్లు అనేది ఆ సెక్షన్‌లో చెప్పబడలేదు. కావున సొంత ఇంటిలోనో, చిన్న సమావేశ మందిరంలోనో వివాహం కోరుకొనేవారు ఆ విషయాన్ని అధికారితో ముందుగానే మాట్లాడుకోవాలి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ప్రధానమైన పని ఆస్తి పత్రాల నమోదు. అందువలన రద్దీ ఉండే వేళలలో గదిలో ఇతరులు కూడా ఉంటారు. నోటీసు ఇవ్వడానికి వెళ్ళిన రోజే గదిని గమనించడం మేలు. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, బల్ల ఎటు తిరిగి ఉంది, ఏ వేళలో జనం తక్కువ అనేవి అప్పుడే తెలుసుకోవచ్చు. ఎంచుకున్న చోటు సరిపోదనుకుంటే వేరే ఏర్పాటు చేసుకోవడానికి ఆ తరువాతి 30 రోజుల వ్యవధి ఉపయోగపడుతుంది.

సహజమైన వెలుతురు

ధర్మసాగర్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కనుక శీతాకాలంలో దక్షిణపు కిటికీ నుండి ఎండ నేరుగా గదిలోకి వచ్చి ముఖాలపై గాఢమైన నీడలు ఏర్పడతాయి. మే రెండవ వారంలోను, జూలై చివరలోను మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఈ రెండింటి నడుమ కాలంలో కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. సంవత్సరంలో అధిక భాగం ఉత్తరపు కిటికీ నుండి మెత్తని, నిలకడైన వెలుతురు వస్తుంది. తూర్పు కిటికీ గల గదికి మధ్యాహ్నం, పడమటి కిటికీ గల గదికి ఉదయం అనుకూలం.

కిటికీ వధూవరులకు పక్కగా ఉండడం అన్నిటికంటే మేలు. కిటికీ వారి వెనుక ఉంటే ముఖాలు నల్లబడతాయి. అధికారి వెనుక ఉంటే వారి ముఖాలపై వెలుతురు చక్కగా పడుతుంది కాని, ఛాయాచిత్రకారుడు బల్లకు అవతలి వైపు నిలబడవలసి వస్తుంది. కిటికీ నుండి దూరం పెరిగిన కొద్దీ వెలుతురు వేగంగా తగ్గుతుంది. కనుక బల్లను ఒక మీటరు కిటికీ వైపు జరిపినా తేడా కనిపిస్తుంది. ఇంటిలో జరిపే వివాహానికి వరండా లేదా వసారా అనుకూలమైన చోటు. పైకప్పు ఎండను ఆపుతుంది, ముందున్న వాకిలి వెలుతురును లోపలికి పంపుతుంది.

కృత్రిమ దీపాలు

పగటి వెలుతురు వర్ణ ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్‌లు. పాతకాలపు బల్బుది సుమారు 2700 కెల్విన్‌లు. తెల్లని ట్యూబులైటుది 6500 కెల్విన్‌ల వరకు ఉంటుంది. ఇవి ఒకే గదిలో కలిస్తే ముఖానికి ఒక వైపు పసుపు, మరొక వైపు నీలి ఛాయ వస్తుంది. కిటికీ వెలుతురు చాలినప్పుడు దీపాలను ఆర్పివేయడం సులభమైన పరిష్కారం.

భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్‌లు కావడం వలన పాత చోక్ గల ట్యూబులైట్ల కాంతి సెకనుకు 100 మార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. షట్టరు వేగం 1/50 లేదా 1/100 సెకనుగా ఉంచితే చిత్రంలో చారలు, రంగు తేడాలు తగ్గుతాయి. దీపానికి క్రింద తిరిగే సీలింగు ఫ్యాను రెక్కల నీడలు ముఖాలపై పడవచ్చు. తెల్లని సున్నం వేసిన పైకప్పు ఉంటే ఫ్లాష్‌ను పైకి తిప్పి మెత్తని కాంతిని పొందవచ్చు. ఆకుపచ్చ, నీలం గోడలు తమ రంగును ముఖాలపైకి ప్రతిఫలింపజేస్తాయి.

స్థలం మరియు నేపథ్యం

గదిలో కనీసం ఏడుగురు ఉంటారు: వధూవరులు, ముగ్గురు సాక్షులు, అధికారి, ఛాయాచిత్రకారుడు. పూర్తి చట్రపు కెమేరాపై 35 మి.మీ. కటకంతో 3 మీటర్ల దూరం నుండి సుమారు 3 మీటర్ల వెడల్పు చిత్రంలో పడుతుంది. పక్కపక్కన నిలబడిన ఆరుగురికి అది దాదాపు సరిపోతుంది. గది అంతకంటే ఇరుకైతే 24 మి.మీ. కటకం అవసరమవుతుంది కాని, అంచులలో నిలబడిన వారి రూపాలు సాగినట్లు కనిపిస్తాయి. అటువంటప్పుడు సాక్షులను వధూవరుల వెనుక రెండవ వరుసలో నిలబెట్టడం మంచిది.

కార్యాలయంలోని బీరువాలు, దస్త్రాల కట్టలు, గోడ గడియారం పూర్తిగా తొలగించదగినవి కావు. ఆ పెళ్ళి ఎక్కడ జరిగిందో చెప్పేవి అవే. అయితే తలల వెనుక పొడుచుకు వచ్చినట్లు కనిపించే వస్తువులు లేకుండా నిలబడే చోటును కొద్దిగా మార్చుకోవచ్చు. సంతకం చేసేటప్పుడు కుడిచేతి వాటం వారిని ఎడమ వైపు నుండి తీస్తే చేయి కలాన్ని, ముఖాన్ని కప్పివేయదు. కుటుంబ చిత్రాలకు ఆరుబయలు కావాలనుకొనేవారికి ధర్మసాగర్ జలాశయం సమీపంలో ఉంది. దేవాదుల ఎత్తిపోతల పథకంలో భాగమైన ఈ జలాశయం వరంగల్ నగరానికి తాగునీటిని కూడా అందిస్తుంది.

అనుమతి మరియు గోప్యత

కార్యాలయంలో చిత్రాలు తీయడానికి అధికారి అనుమతి ముందుగా తీసుకోవాలి. రిజిస్టరు పుటలలో ఇతర దంపతుల వివరాలు, బల్లపై ఇతరుల ఆస్తి పత్రాలు, ఆధార్ కార్డులు ఉండవచ్చు. అవి చదవగలిగేలా చిత్రంలో పడకుండా జాగ్రత్త వహించాలి. బంధువుల నుండి ప్రమాదం ఉన్న జంటల విషయంలో చిత్రాలను ఎప్పుడు బయటపెట్టాలి అనేది వారే నిర్ణయించుకోవాలి. అటువంటి జంటలకు రక్షణ గృహాలు, పోలీసు రక్షణ కల్పించాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సాక్ష్యంగా ఛాయాచిత్రం

ప్రత్యేక వివాహ చట్టం క్రింద వివాహానికి నిశ్చయాత్మకమైన సాక్ష్యం వివాహ ధ్రువపత్రం. ఛాయాచిత్రం దానికి ప్రత్యామ్నాయం కాదు. అయినప్పటికీ ఎవరెవరు హాజరైనారు, ఇరువురూ ఇష్టపూర్వకంగా ఉన్నారా అనే ప్రశ్నలు తలెత్తినప్పుడు చిత్రాలు తోడ్పడవచ్చు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023 ప్రకారం డిజిటల్ చిత్రాల ప్రతులను న్యాయస్థానంలో దాఖలు చేయడానికి 63వ సెక్షన్ క్రింద ధ్రువీకరణ అవసరం. కనుక దిద్దుబాటు చేయని మూల ఫైళ్ళను, వాటిని తీసిన పరికరం వివరాలను భద్రపరచుకోవడం మంచిది.

ఇతర దేశాలలో

ఫ్రాన్సులో 1792 నుండి పౌర వివాహం అమలులో ఉంది. అక్కడి పురపాలక భవనాలలో వివాహాల కోసం ప్రత్యేక మందిరాలు ఉంటాయి. మాంటన్ పట్టణంలోని వివాహ మందిరాన్ని కళాకారుడు జాన్ కాక్టో 1957-58లో తన చిత్రాలతో అలంకరించాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1994 నాటి వివాహ చట్టం ఫలితంగా 1995 నుండి హోటళ్ళు, పురాతన భవనాలు వంటి ఆమోదిత ప్రదేశాలలో కూడా పౌర వివాహాలు జరుగుతున్నాయి. న్యూయార్క్ నగరంలో 2009లో ప్రారంభమైన మాన్‌హాటన్ వివాహ కార్యాలయంలో ఫొటోల కొరకే సిటీ హాలు చిత్రం గల గోడను ఏర్పాటు చేశారు. తెలంగాణలో అటువంటి అలంకృత మందిరం లేని చోట కూడా, పక్కన కిటికీ, సాక్షులు నిలబడేందుకు చోటు, ముందస్తు అనుమతి ఉన్న సాధారణమైన గది ఆ అవసరాన్ని తీర్చగలదు.

ఇవి కూడా చూడండి

ప్రత్యేక వివాహ చట్టం, 1954
హిందూ వివాహ చట్టం, 1955
ధర్మసాగర్ మండలం
ఛాయాచిత్రకళ