మొహమాటానికి ఒక చరిత్ర

కోలారు జిల్లా మాలూరు తాలూకాలో మాస్తి అనే ఊరుంది. కన్నడ సాహిత్యం చదివినవారికి ఆ పేరు చెప్పగానే ఊరికంటే ముందు మనిషి గుర్తొస్తాడు. మాస్తి వెంకటేశ అయ్యంగార్ 1891లో ఆ తాలూకాలోనే పుట్టారు. ఇంట్లో మాట్లాడింది తమిళం, రాసింది కన్నడం, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు. ‘చిక్కవీర రాజేంద్ర’ నవల రాసినందుకు 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. 1986లో కన్నుమూశారు. ఇదంతా మన జిల్లావారికి కొత్త సంగతేమీ కాదు. అయితే ఆయన తొలి కథల్లో ఒకటైన ‘రంగన మదువె’ను పెళ్ళి కథగా కాకుండా మొహమాటం కథగా చదివితే, ఈనాటి మన పిల్లల అవస్థ కొంత అర్థమవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మొహమాటం అనేది మన మాట. కన్నడంలో సంకోచమన్నా, దాక్షిణ్యమన్నా దాని అర్థం సగమే వస్తుంది. అడగాలని ఉంటుంది, నోరు రాదు. వద్దనాలని ఉంటుంది, అదీ రాదు. ఈ రెండు చేతకానితనాలకూ కలిపి మనవాళ్ళు ఒకే పేరు పెట్టారు. ఆడామగా మధ్య వ్యవహారంలో దీని చరిత్ర ఎవరూ రాసినట్టు లేదు. కామర్సు చదివి బ్యాంకులో పద్దులు రాసుకునేవాడు రాయవలసిన చరిత్రా ఇది అంటే, అప్పు అడగడానికి వచ్చేవాళ్ళ మొహమాటాన్ని మాకంటే ఎక్కువ చూసినవాళ్ళు ఎవరున్నారు?

ఇక కథ. 1910 ప్రాంతంలో రాసింది. రంగడు బెంగుళూరులో ఇంగ్లీషు చదువు చదివి తన పల్లెకు వచ్చాడు. మనసుకు నచ్చిన పిల్ల దొరికితేనే పెళ్ళి, లేకపోతే బ్రహ్మచారిగానే ఉండిపోతానని చెప్పాడు. పెద్దలు కుదిర్చిన చిన్నపిల్లను కట్టుకోనన్నాడు. ఆ రోజుల్లో ఇది విప్లవమే. అయితే రత్న అనే పిల్ల పాడుతుంటే గుమ్మంలోంచి చూసి మనసు పారేసుకున్న తర్వాత ఈ విప్లవకారుడు ఏం చేశాడు? నచ్చిందని ఆ పిల్లతో చెప్పలేదు. ఆమె పెద్దలతోనూ చెప్పలేదు. ఎవరా పిల్ల, పెళ్ళయిందా అని తన స్నేహితుణ్ణి, అదీ ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాడు. ఆ స్నేహితుడు శ్యాముడు గడుసువాడు. పెళ్ళయిపోయిందని అబద్ధమాడి రంగడి ముఖం వాడిపోవడం కళ్ళారా చూశాడు. తర్వాత ముందుగానే పాఠం చెప్పి ఉంచిన శాస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. శాస్త్రిగారు గవ్వలు వేసి, నీ మనసులో ఒక అమ్మాయి ఉంది, సముద్రంలో దొరికే వస్తువు పేరు అన్నారు. రంగడు నోరు విప్పకుండానే రంగడి మనసు బయటపడింది. పెళ్ళి జరిగింది.

నచ్చినదాన్నే చేసుకుంటానని ప్రతిజ్ఞ చేసినవాడికి, ఆ నచ్చిన సంగతి చెప్పడానికి ఒక స్నేహితుడూ, ఒక అబద్ధమూ, ఒక జ్యోతిష్కుడూ కావలసి వచ్చారు. మాస్తిగారు దీన్ని నవ్వుతూ చెప్పారు. మనమూ నవ్వుకుంటాం. కానీ ఆ నవ్వు కింద మరో లెక్క ఉంది. రత్న వయసు పదకొండేళ్ళు. ఆ కాలపు చట్టానికి అది తప్పు కాదు. మైసూరు సంస్థానం 1894లో తెచ్చిన శాసనం ఎనిమిదేళ్ళలోపు ఆడపిల్లల పెళ్ళిని, యాభై దాటిన మగవాళ్ళు పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని చేసుకోవడాన్ని మాత్రమే నిషేధించింది. ఆ శాసనమే అప్పట్లో దేశంలో చెప్పుకోదగ్గ సాహసం. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1929లో వచ్చి ఆడపిల్లకు 14 ఏళ్ళన్నది. 18 ఏళ్ళు అయింది 1978 సవరణతో. అంటే ఇష్టపడి పెళ్ళి చేసుకోవడాన్ని గురించిన ఆ కథలో ఇష్టం అడిగింది ఒక్క వైపే. రత్నను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

కన్నడంలో మాస్తి అంటే మహాసతి. భర్తతో సహగమనం చేసిన స్త్రీ గుర్తుగా నిలిపిన రాయి మాస్తికల్లు. కర్ణాటకమంతటా ఇవి కనిపిస్తాయి. చనిపోయిన భార్యకు రాయి నిలిపినవాళ్ళు, బతికున్న భార్యకు ఏది ఇష్టమో ఎక్కడా చెక్కి పెట్టలేదు.

తెలుగువాళ్ళం మనమేమైనా ముందున్నామా? 1910 ఫిబ్రవరిలోనే బందరు నుంచి వచ్చే ‘ఆంధ్రభారతి’లో గురజాడ ‘దిద్దుబాటు’ పడింది. అంతకుముందే, 1902లోనే, భండారు అచ్చమాంబ కథలు వచ్చాయి కాబట్టి తొలి కథ ఏదన్న వాదులోకి నేను దిగను. నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. ఇంచుమించు ఒకే కాలంలో, ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా, ఇద్దరు రచయితలు పక్కపక్క భాషల్లో ఒకే రోగాన్ని పట్టుకున్నారు. రంగడిది పెళ్ళికి ముందు మొహమాటం. ‘దిద్దుబాటు’లో గోపాలరావుది పెళ్ళి తర్వాతిది. సానివాళ్ళ పాట వినడానికి వెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. పుట్టింటికి వెళ్ళిపోతున్నానని అందులో ఉంది. అప్పుడు గానీ భార్య మీద ప్రేమ అతని నోటికి రాలేదు. కమలిని మంచం కిందే ఉండి అంతా విన్నది. అంటే ఎదుట ఉన్న భార్యతో అనలేని మాట, ఆమె లేదనుకున్నాక అన్నాడు. చదువుకున్న భార్య కాబట్టి ఉత్తరం రాసి అతని చేత మాట రాబట్టింది. రత్నకు ఆ అవకాశం లేదు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే పాత పద్ధతి దేనికోసం ఉండేదో తెలుస్తుంది. మధ్యవర్తి, జాతకం, మేనరికం - ఈ మూడూ కాదనిపించుకునే అవమానాన్ని తప్పించడానికి ఏర్పడిన ఏర్పాట్లు. మేనరికంలో అడిగే పనే లేదు. అక్క కూతురు పుట్టినరోజే ఇల్లంతా వరసలు కలిపేస్తుంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట మేనమామ పెళ్ళికి అడ్డు చెప్పలేదు. బయటి సంబంధమైతే మధ్యవర్తి వెళ్ళి అడిగేవాడు. కాదంటే అవమానం మధ్యవర్తిది, అతనికి అది అలవాటే. కాదనడానికి కూడా ఒక మర్యాద ఉండేది: “జాతకాలు కలవలేదండీ.”

బ్యాంకులో చెక్కు తిప్పి పంపేటప్పుడు ఒక చీటీ జతచేస్తాం. ఖాతాలో డబ్బు లేదని ముఖం మీద రాయకుండా, ‘రెఫర్ టు డ్రాయర్’ అని రాసే పద్ధతి ఒకటుంది. చెక్కు రాసినవాడినే అడుగు అని దాని అర్థం. పరువు పోకుండా పని జరిగే మాట అది. జాతకాలు కలవలేదనడం మన సమాజపు రెఫర్ టు డ్రాయర్. పిల్ల నల్లగా ఉందనో, పిల్లవాడి జీతం చాలదనో, అమ్మాయికి ఇష్టం లేదనో అసలు కారణం ఏదైనా కావచ్చు. నెపం మాత్రం గ్రహాల మీదికి పోతుంది. గ్రహాలు కోర్టుకు వెళ్ళవు.

అచ్చు యంత్రం వచ్చాక మధ్యవర్తి కాగితంలోకి దూరాడు. 1695లో లండనులో జాన్ హౌటన్ నడిపిన వ్యవసాయ, వర్తక పత్రికలో, సరుకుల ప్రకటనల మధ్య, ముప్పై ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన మూడువేల పౌన్ల ఆస్తి ఉన్న కన్య కావాలని ప్రకటించాడు. వర్తక పత్రికలోనే ఎందుకని ఎవరైనా అడిగితే, కామర్సువాడిగా నాకేమీ ఆశ్చర్యం లేదు. మన దినపత్రికల ఆదివారం పేజీలు ఆ దారిలోనివే. 1997 ప్రాంతంలో పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లు వచ్చాయి. 2012లో అమెరికాలో టిండర్ వచ్చింది, ఆపైన మన దేశంలోకీ వచ్చింది. ఫోటో మీద వేలు కుడివైపు జరిపితే ఇష్టం, ఎడమవైపు జరిపితే కాదు. ఇద్దరూ కుడివైపు జరిపితేనే ఇద్దరికీ తెలుస్తుంది. ఈ ఏర్పాటు చేసిన ఇంజనీర్లు మాస్తిని చదివి ఉండరు. కానీ శ్యాముడూ శాస్త్రీ కలిసి చేసిన పనే వాళ్ళ యంత్రమూ చేస్తోంది. కాదన్న సంగతి ఎవరికీ తెలియనివ్వదు.

ఇందులో మన కోలారుకు వాటా ఉంది. కె.జి.ఎఫ్. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తాతలు భూమి లోపలికి దిగిన చోట మనుమలు మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోతున్నారు. ఇటు నరసాపుర పారిశ్రామికవాడలో ఐఫోన్లు తయారయ్యే కర్మాగారం వచ్చింది. మొదట తైవాను కంపెనీ నడిపింది, 2023లో టాటాల చేతికి వచ్చింది. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. హాస్టళ్ళలో ఉంటారు, సొంత జీతం, సొంత ఫోను. రత్న వయసుకు రెట్టింపు వయసు, రత్నకు లేని చదువు. అడిగేందుకూ కాదనేందుకూ హక్కు ఉన్న మొదటి తరం వీళ్ళు.

హక్కు వచ్చింది గాని మాట రాలేదు. మన కుర్రవాడు ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడతాడు. ప్రేమ సంగతి వచ్చేసరికి ఇంగ్లీషే. ‘ఐ లవ్ యూ’ అనడం సులువు. అది సినిమావాళ్ళదో, ఊరందరిదో, మనది మాత్రం కాదు. “నువ్వంటే నాకు శానా ఇష్టం” అనాలంటే గొంతు పట్టేస్తుంది. ఆ మాటలో అమ్మ ఉంది, ఊరుంది, కాదంటే తగిలే దెబ్బ ఉంది. మొదటిసారి కలుసుకున్నవాళ్ళు కాఫీ చల్లారేదాకా ట్రాఫిక్కు గురించే మాట్లాడుకుంటారు. బిల్లు వచ్చినప్పుడు ఇద్దరూ పర్సు తీస్తారు, ఎవరూ తెరవరు. ఇంటికెళ్ళి ఫోను చూస్తూ కూర్చుంటారు. సందేశం చదివినట్టు రెండు నీలి గీతలు వస్తాయి, జవాబు రాదు. ఒకరోజు, వారం, నెల. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఘోస్టింగ్. మా భాషలో చెప్పాలంటే, చెక్కు తీసుకుని తిప్పి పంపకుండా, చీటీ రాయకుండా, సొరుగులో పడేయడం. ఏ బ్యాంకైనా ఆ పని చేస్తే ఊరుకుంటారా?

పెద్దల పద్ధతి మాత్రం మారలేదు. పెళ్ళి సంబంధాల కాలంలో మా కౌంటరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఫలానా అబ్బాయికి మీ దగ్గర అప్పుందా సార్ అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చెప్పకూడదు, చెప్పం. ఆ అబ్బాయినే అడగండి అంటే, “అట్ల అడిగితే ఏమనుకుంటాడో!” అంటారు. ఇద్దరు మనుషులు జీవితాంతం ఒకే కప్పు కింద ఉండబోతూ, ఒక అప్పు సంగతి అడగడానికి మొహమాటం.

మొహమాటం నవ్వులాట మాత్రమే కాదని మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత మొరటుగా ఉన్నా, దాన్ని పుట్టించినవాళ్ళకు లోకం తెలుసు. కాదనలేకపోవడం ఔనన్నట్టు కాదు. ఇష్టం లేని మాటకు తలూపి, ఇష్టం లేని చోటికి వెళ్ళి, ఇష్టం లేని పెళ్ళి చేసుకున్న ఆడపిల్లల కథలు మన ప్రతి వీధిలోనూ ఉన్నాయి. మగపిల్లల కథలూ ఉన్నాయి, వాళ్ళు చెప్పరు, అంతే. పాత మధ్యవర్తి అవమానం తప్పించాడు, నిజమే. దానితోపాటు ఆడపిల్ల ఇష్టాన్నీ తప్పించాడు. అందుకే అతను వెనక్కి రావాలని నేను కోరను.

కావలసింది మనమే నేర్పవచ్చు. అడగందే అమ్మయినా పెట్టదంటూ పిల్లలకు అన్నం అడగడం నేర్పించాం. ఇష్టం ఉందని అడగడం, ఇష్టం లేదని మర్యాదగా చెప్పడం, కాదంటే విని ఇంటికి వచ్చి భోంచేయడం నేర్పించలేదు. మనింట్లో భార్యాభర్తలు పిల్లల ఎదుట ఒకరితో ఒకరు ఇష్టంగా ఒక మాట అన్నది ఎప్పుడో లెక్క చూసుకుంటే, ఆ పాఠం ఎక్కడ మొదలుకావాలో తెలుస్తుంది. గోపాలరావుకు భార్య లేదనుకున్నాక మాట వచ్చింది. మనవాళ్ళు చాలామందికి షష్టిపూర్తి రోజు మైకు చేతికిచ్చినా రాదు.

చదువుకున్న తెలుగు పిల్లలు సరిహద్దు ఇవతల తెలుగు నిలబెట్టాలని మనం తరచు అంటుంటాం. పద్యాలూ శతకాలూ నేర్పుదాం, తప్పకుండా. వాటితోపాటు ‘ఇష్టం’, ‘ఇష్టం లేదు’ అన్న రెండు మాటలు తెలుగులో, ఎదుటివారి ముఖం చూసి అనగలిగితే, భాషకూ మేలే, పిల్లలకూ మేలే. తిప్పి పంపే చీటీ మీద కారణం పొడుగ్గా రాయనక్కరలేదు. చీటీ మాత్రం రాయాలి.