రేవు మిగిల్చిన ఊరు

మా బందరుకు చుట్టాలు వస్తే చేసే మర్యాదకు ఒక వరుస ఉంది. మొదట కోనేరు సెంటరు వైపు తీసుకువెళ్ళి తొక్కుడు లడ్డూ, నల్ల హల్వా తినిపించడం. తర్వాత చిలకలపూడి పాండురంగడి దర్శనం. పొద్దు వాలుతుండగా మంగినపూడి సముద్రం. మరీ చరిత్ర పిచ్చి ఉన్నవారైతే వలందుల సమాధులు, కోట. ఇంతటితో ఊరు చూపించడం అయిపోయిందనుకుంటాం. కాని ఈ వరుసలో తినేవాటినీ, చూసేవాటినీ, ఆడుకునేవాటినీ కాస్త నిలబడి పరికిస్తే వాటిలో చాలా భాగం ఒకే చోటినుండి వచ్చినట్టు తెలుస్తుంది. ఆ చోటు పేరు రేవు. ఒకప్పటి ఓడలు లేవు, ఆ వర్తకమూ లేదు. అవి వెళుతూ వెళుతూ వదిలిపోయినదే ఇప్పటి మా ఊరు.

ఊరి పేరులోనే ఆ సంగతి ఉంది. బందరు అనేది పారశీక పదం, రేవు అని అర్థం. అందుచేత బందరు రేవు అన్నప్పుడల్లా మనం రేవు రేవు అని రెండుసార్లు అంటున్నామన్నమాట! గోలకొండ కుతుబ్ షాహీలకు సముద్రం వైపు తెరుచుకున్న పెద్ద వాకిలి ఇదే. ఇక్కడినుండి అద్దకపు బట్టలు పారశీకానికీ, అరకాన్‌కూ, పెగూకూ, సుమత్రా జావా దీవులకూ వెళ్ళేవి. ఆ బట్టల కోసమే 1605లో వలందులు, అంటే డచ్చివారు, వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు వర్తకులు దిగారు. 1669లో ఫరాసులు, అంటే ఫ్రెంచివారు, వచ్చారు. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడికి కొయ్య ఇళ్ళున్న ఈ ఊరు ఏమంత నచ్చలేదు గాని, ఓడలు లంగరు వేసే చోటును మాత్రం మెచ్చుకున్నాడు. ఊరికన్నా రేవుకే పేరున్న రోజులవి.

ఇక తిండి సంగతి. తొక్కుడు లడ్డూ చూడటానికి మామూలు లడ్డూ లాగే ఉన్నా, దాని పుట్టుక వేరు. శనగపిండిని కలిపి పూసగా వండి, ఆ పూసను రోటిలో దంచి పొడి చేస్తారు. ఆ పొడిని జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోకళ్ళతో దంచుతారు. ఈ దంచడమే తొక్కడం. ఎంత తొక్కితే అంత మెత్తన. ఏలకుల పొడి, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు చేర్చి ఉండలు కడతారు. నోట్లో వేసుకుంటే బూందీ లడ్డూలాగా పలుకు తగలదు, జారిపోతుంది. బుందేల్‌ఖండ్ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన బొందిలీల ఇళ్ళ వంట ఇదని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. 2017లో దీనికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే బందరులో చేసినదానికే బందరు లడ్డూ అనే పేరు చెల్లుతుంది.

హల్వా మరీ తమాషా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను బెల్లం పాకంలో పోసి, నెయ్యి వేస్తూ గంటల తరబడి కలియబెడితే నల్లగా నిగనిగలాడుతూ తయారవుతుంది. ఇప్పుడు ఆలోచించండి. చుట్టూ కృష్ణా డెల్టా, ఎటు చూసినా వరిచేలు. మన అరిసె, మన పరమాన్నం, మన పులిహోర అన్నీ బియ్యంతోనే. ఆ వరిచేల నడుమ ఊరి పేరు నిలబెట్టిన మిఠాయికి గోధుమ కావలసి వచ్చింది. దాని పేరు అరబ్బీ మాట. ఏ ఓడలో ఏ వంటవాడు తెచ్చాడో రాసిపెట్టిన కాగితం అక్కరలేదు, ఆ పళ్ళెమే సాక్ష్యం చెబుతుంది. ఈ నేలలో పండని ధాన్యానికి ఈ నేల బెల్లం కలిసింది. బందరు స్వభావమే అది, వచ్చినదాన్ని వచ్చినట్టు ఉంచదు, తన పాకంలో వేసుకుంటుంది.

మాంసాహారులకు గిలకలదిండి ఉంది. పడవలు వచ్చే వేళకు అక్కడికి వెళితే చందువలు, పండుగప్పలు, రొయ్యలు, పీతలు, ఎండబెట్టిన మెత్తళ్ళు అన్నీ కనిపిస్తాయి. మహానౌకలు పోయినా రేవు అనే మాటకు అర్థం పూర్తిగా పోకుండా కాపాడుతున్నది ఆ బెస్తవారే.

తిన్నది అరగడానికి ఊళ్ళో నడవండి. గైడు అవసరం లేదు, పేటల పేర్లు చదువుకుంటూ పోతే చాలు. వలందపాలెం వలందుల జాగా. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు. పరాసుపేటలో ఫరాసులు ఉన్నారు. రాబర్ట్‌సన్‌పేట దొర పేరు, ఖాలేఖాన్‌పేట ఖానుగారి పేరు. మరో చిత్రం చూడండి. 1759లోనే బందరు కోట ఫ్రెంచివారి చేయి జారిపోయింది గాని, ఊళ్ళో వారి కొఠీ ఉన్న చిన్న ముక్క మాత్రం కాగితాల మీద ఫ్రాన్సుకే మిగిలింది. దాన్ని భారతదేశానికి అప్పగించింది 1947 అక్టోబరులో. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15 నాటికి కూడా బందరులో ఒక మూల ఇంకా ఫ్రాన్సే! ఆ పూట ఆ వీధి పిల్లలు ఏ జెండా ఎగరేశారో!

వలందుల సమాధుల దొడ్డి ప్రతివారూ చూడవలసిన చోటు. పదిహేడవ శతాబ్దపు నల్లరాతి పలకలు, వాటి మీద డచ్చి, లాటిన్ అక్షరాలు, వంశచిహ్నాలు. శిల్పి ఈ దేశంవాడే అయి ఉంటాడు. తనకు రాని భాషను అక్షరం పొల్లుపోకుండా చెక్కాడు. అద్దకపు బట్టలు కొనడానికి వేల మైళ్ళు వచ్చి, ఇక్కడి ఎండకూ జ్వరాలకూ తట్టుకోలేక ఇక్కడే మట్టిలో కలిసిన మనుషులు వాళ్ళు. లాభం లెక్కలు హాలెండుకు వెళ్ళాయి, నష్టం మాత్రం ఈ పలకల కింద ఉండిపోయింది.

అక్కడినుండి కోటకు. ఊరికి ఆగ్నేయంగా, ఉప్పునేలల నడుమ, గోడలూ ఆయుధాగారపు శిథిలాలూ కనిపిస్తాయి. చూడగానే ఇంతేనా అనిపిస్తుంది. కాని తీరాంధ్ర చరిత్ర మలుపు తిరిగిన నేల అది. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, సముద్రం పాటు తీసిన వేళ, కల్నల్ ఫోర్డు సేనలు బురదలో దిగి కోట మీద పడ్డాయి. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫ్రెంచివారికి సాయం వస్తున్న సలాబత్ జంగు దారిలోనే మనసు మార్చుకొని ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకున్నాడు. సర్కారు జిల్లాల మీద ఫ్రెంచివారి ఆశ అంతటితో అడుగంటింది. అంత కథ జరిగిన చోట ఇప్పుడు తుమ్మచెట్లకు మేకలు మేస్తుంటాయి.

యుద్ధాలు రేవును చంపలేదు, చంపింది వేరు. ఒకటి, ఒండ్రు. కృష్ణమ్మ తెచ్చి పోసే మట్టితో తీరం మెరకవేసి, పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే ఆగవలసి వచ్చేది. రెండు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన. సముద్రం ఊరిమీదికి వచ్చి మైళ్ళకొద్దీ లోపలికి పోయింది. ఊళ్ళోనూ చుట్టుపట్లా కలిపి దాదాపు 30,000 మంది పోయారని అప్పటి లెక్క. ఆ తర్వాత కోటలో దండు కూడా ఉండలేదు. కాకినాడ, విశాఖ, మద్రాసు ముందుకు పోయాయి, బందరు వెనకబడింది. 1908లో బెజవాడనుండి రైలు వచ్చింది గాని, అప్పటికి రేవులో దించుకోవలసిన సరుకు మునుపటంత లేదు.

రేవు చచ్చిన ఊరు ఏం చేస్తుంది? సాధారణంగా నిద్రపోతుంది. బందరు మాత్రం బడి పెట్టుకుంది. 1843లో రాబర్ట్ నోబుల్ ప్రారంభించిన పాఠశాలే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. హిందూ హైస్కూలులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తెలుగు చెబుతుంటే, బెంచీల మీద కూర్చున్న కుర్రవాళ్ళలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుండి 1945లో పోయేదాకా ముట్నూరి కృష్ణారావుగారే దానికి సంపాదకులు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి కలిసి 1910లో జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్యగారు 1916లో భారతదేశానికి జెండా ఎలా ఉండాలో పుస్తకమే వేశారు. ప్రమోదకుమార్ ఛటర్జీ వంగదేశంనుండి వచ్చి చిత్రకళ నేర్పితే అడివి బాపిరాజు నేర్చుకున్నారు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఇక్కడే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయి ఆ పేరూ చరిత్రలోకి వెళ్ళిపోయింది.

మా ఆటలన్నీ ఆ బడులు ఇచ్చిన మైదానాల్లోనే. నోబుల్ కాలేజీ మైదానం, హిందూ కాలేజీ మైదానం లేకపోతే బందరు పిల్లవాడికి బాల్యమే లేదు. గోళీలకూ బిళ్ళంగోడుకూ వీధి చాలు, క్రికెట్టుకు మాత్రం ఆ నేల కావాలి. సముద్రం వైపునుండి గాలి తిరిగితే బంతి ఎటు పోతుందో చెప్పలేం. అక్కడ ఆడినవారికి ఆ గాలి లెక్క వేరే నేర్పనక్కరలేదు.

మంగినపూడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖ ఇసుకను చూసినవారికి ఇక్కడి నల్లమట్టి తీరం వింతగా ఉంటుంది. నీళ్ళు లోతు తక్కువ, చాలా దూరం నడుచుకుంటూ పోవచ్చు. ఆ మట్టి ఎవరిదనుకున్నారు? కృష్ణమ్మదే. ఓడలను దూరంగా ఆపి రేవును దెబ్బతీసిన ఆ ఒండ్రే పిల్లలు కేరింతలు కొట్టే నిస్సారపు నీళ్ళను ఇచ్చింది. చిలకలపూడిలో 1929లో భక్త నరసింహంగారు పాండురంగస్వామి ఆలయం కట్టించాక, కార్తిక మాసంలో జనం స్వామి పాదాలు స్వయంగా తాకి మొక్కుకొని, పున్నమినాడు ఈ తీరానికి వచ్చి స్నానాలు చేయడం ఆనవాయితీ అయింది. కాని సముద్రం ఎప్పుడూ ఆటకు ఒప్పుకోదు. 1977 నవంబరు 19న పొరుగున దివిసీమను ఉప్పెన ముంచింది. 2004 డిసెంబరు 26న, మార్గశిర పున్నమి ఆదివారం, సునామీ వచ్చినప్పుడు స్నానాలకు వచ్చినవారిలో కొందరి ప్రాణాలు ఈ తీరంలోనే పోయాయి. అందుకే బందరువాళ్ళు సముద్రంతో చనువుగా ఉంటారు గాని, దాని మాట నమ్మరు.

ఇంత కథకూ మూలమైన అద్దకం ఏమైందని మీరు అడగవచ్చు. అది పెడనలో ఉంది, బందరుకు పది పన్నెండు కిలోమీటర్లు. కలంకారీ అన్నమాటే గాని ఇక్కడ కలం కన్నా టేకు అచ్చుకే పని ఎక్కువ. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో నలుపు వస్తుంది, పటికతో అద్దిన చోట ఎరుపు పడుతుంది. ఆ ఎరుపు కోసం పూర్వం చిరివేరు వాడేవారు. ఆ రంగు ఉతికినా పోకపోవడం చూసి ఐరోపా మురిసిపోయింది. తమ నేతగాళ్ళు చెడిపోతున్నారని ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1701, 1721 చట్టాలతోనూ ఇటువంటి భారతీయ అద్దకాలను అడ్డుకోవలసి వచ్చింది. చట్టాలు చేసిన రాజులు పోయారు, అచ్చు మాత్రం పెడన బల్లమీద ఇంకా పడుతూనే ఉంది.

నాకు తోచేది ఇదే. మా ఊరి చరిత్రలో రాతిలో ఉన్నదానికన్నా చేతిలో ఉన్నది ఎక్కువ. కోట కూలింది, కొఠీలు పోయాయి, సమాధుల రాళ్ళ మీద అక్షరాలు చదివేవారు అరుదు. రోకలి పోటు, అచ్చు దెబ్బ, వలవేసే భుజం మాత్రం నాలుగు వందల ఏళ్ళ కథను రోజూ మళ్ళీ చెబుతున్నాయి. రాతిని కాపాడటానికి చుట్టూ కంచె వేస్తే సరిపోతుంది. చేతిని కాపాడాలంటే ఆ చేతికి కూలి గిట్టాలి, ఆ ఇంటి పిల్లవాడికి ఆ పని చేయబుద్ధి కావాలి. మరునాడు తొక్కేవాడు లేకపోతే భౌగోళిక సూచిక పత్రం ఏ లడ్డూ చుట్టడానికి?

ఇప్పుడు మళ్ళీ రేవు వస్తున్నది. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి ఆరంభోత్సవాలు జరిగాయి. చివరిసారి మొదలైన పనులు మాత్రం సాగాయి. ఓడలు రావాలనే మా అందరి కోరిక. పొట్టచేత పట్టుకొని హైదరాబాదుకో అమెరికాకో పోయిన పిల్లల్లో కొందరైనా తిరిగి వస్తారని తల్లిదండ్రుల ఆశ. రావద్దని ఎవరంటారు? కాని మొదటి రేవు కాలంలో వచ్చినవారు మన చేతిపని కోసం వచ్చారు. రెండో రేవు లెక్కల్లో బొగ్గూ, ఎరువులూ, పెట్టెలూ ఉంటాయి గాని పెడన అచ్చుకూ గిలకలదిండి పడవకూ చోటెక్కడో ఇప్పుడే అడగాలి. గోడలు లేచాక అడిగితే వినబడదు.

మీలో ఎవరైనా బందరు వస్తే లడ్డూ కొనుక్కోండి, తప్పక కొనుక్కోండి. అయితే కొట్టు ముందునుండే వెళ్ళిపోకుండా, వీలైతే తయారుచేసే చోట ఒక్క నిమిషం నిలబడి ఆ రోకలి చప్పుడు వినండి. అలాగే మీ ఊళ్ళో పేటల పేర్లు, మిఠాయి పేర్లు, మైదానాల పేర్లు ఒకసారి వరుసగా రాసి చూసుకోండి. పెద్దవాళ్ళు ఉండగానే వాటి వెనక కథలు అడిగి రాసిపెట్టండి. గజెట్లలోకి ఎక్కని ఊరు చాలావరకు అక్కడే దొరుకుతుంది.