ఏ ఊరికీ పోని రోడ్డు

పోయిన సంక్రాంతికి న్యాల్‌కల్ మండలంలోని మా చిన్నమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. పొద్దున్నే గట్టు మీద కూర్చుని అనపకాయలు వొలుచుకుంటూ ఆమె నన్నో మాట అడిగింది.

“కార్లు ఉరికిచ్చి చూసే రోడ్డు ఏస్తరంట గద బిడ్డా, గా రోడ్డు ఏ ఊరికి పోతది?”

“ఏ ఊరికీ పోదు చిన్నమ్మా. చుట్టు తిరిగి మళ్లీ మొదలైన చోటికే వస్తుంది.”

“మరి గంత జోరుగ ఉరుకుడెందుకు?”

నేను జవాబు చెప్పలేకపోయాను. 2024 ఆగస్టులో హ్యుందాయ్ కంపెనీ తెలంగాణలో కార్ల పరీక్షా కేంద్రం పెడతామని ప్రకటించింది. దానికి జహీరాబాద్ నిమ్జ్‌లో చోటు చూస్తున్నారని తర్వాత వార్తలొచ్చాయి. నిమ్జ్ అంటే జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాలను దానికోసం అనుకున్నారు. కేంద్రం 2016లో తుది ఆమోదం ఇచ్చింది. ఆ ఎకరాల్లో మా చిన్నమ్మ వాళ్లవి రెండున్నర ఉన్నాయి.

చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే పుస్తకాల్లోకి వెళ్లడం నాకు అలవాటు. ఎక్కడికీ పోకుండా కేవలం వేగం కోసమే పరుగెత్తడం ఎక్కడ మొదలైంది? వెతుక్కుంటూ వెళ్తే అమెరికాలోని ఎండిపోయిన చెరువుల దగ్గర, పాత కూపే కార్ల దగ్గర తేలాను.

‘కూపే’ మనకు రైలు మాటగా తెలుసు. ఫస్టు క్లాసులో ఇద్దరికే ఉండే చిన్న గది. ఫ్రెంచిలో ఆ మాటకు కోసినది అని అర్థం. పెద్ద గుర్రబ్బండిని కుదించి ఇద్దరికే చోటుంచితే అది కూపే అయింది. తర్వాత ఆ పేరు రెండు తలుపుల చిన్న కార్లకు వచ్చింది. 1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు ధరకే ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉన్న కార్లను అమ్మింది. కొన్నేళ్లకు అవి పాతబడి చవగ్గా దొరకసాగాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని కొని, విప్పి, మార్చి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సుల మీద పరుగెత్తించారు. 1937లో వాళ్ల క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ అనే సంఘం పెట్టుకున్నాయి. 1949లో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానాల్లో మొదటి ‘స్పీడ్ వీక్’ జరిపాయి.

అలాంటి కారును తయారు చేయడం ఎలాగో చదువుతుంటే నాకు మన పొలం పని గుర్తొచ్చింది. మొదట కారులో అక్కర్లేని బరువంతా తీసేస్తారు. తర్వాత పైకప్పు కోస్తారు. అద్దాల పక్కన నిలబడే కమ్మీలను కొన్ని అంగుళాల మేర కోసి, కప్పును కిందికి దించి మళ్లీ అతుకుతారు. ముందు అద్దాన్ని వెనక్కి వాలుస్తారు. అడుగున రేకు బిగించి గాలి చిక్కుకోకుండా చూస్తారు. ఇదంతా గాలితో పోరు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని చీల్చుకుని పోవడానికి ఇంజను శక్తి ఎనిమిదింతలు కావాలి. అందుకే ఒక్క అంగుళం కోత కోసం వారాలు పనిచేస్తారు. తమాషా ఏమిటంటే, తీరా ఉప్పు మీద చక్రాలు పట్టు దొరక్క జారుతుంటే, తీసేసిన బరువుకు బదులు సీసం ముద్దలు తెచ్చి పెట్టుకోవాల్సి వస్తుంది కూడా. పని ఏళ్ల తరబడి సాగుతుంది. పరుగు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రికార్డుకు లెక్కలోకి వచ్చేది ఆ పరుగులో ఒక మైలు మాత్రమే.

కొలతకు అందని ఆ ఏళ్ల పనిలో ఎవరున్నారు? అసలు కారు చరిత్ర మొదట్లోనే ఈ ప్రశ్నకు ఒక జవాబుంది. జర్మనీలో బెర్తా తన పెళ్లికి ముందే కట్నం సొమ్ము తెప్పించి, కార్ల్ బెంజ్ వర్క్‌షాపులో భాగస్వామి వాటాను కొనిపించి ఆ వర్క్‌షాపును నిలబెట్టింది. 1886లో మోటారు బండికి పేటెంటు వచ్చింది కార్ల్ పేరు మీద. పెళ్లయిన స్త్రీకి తన ఆస్తి మీదే అధికారం లేని కాలమది. జనం ఆ బండిని నమ్మలేదు. 1888 ఆగస్టులో బెర్తా భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, దాదాపు నూరు కిలోమీటర్లు, నడిపించుకుని వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది.

ఈ పిన్ను దగ్గర నేను చదవడం ఆపేశాను. చిన్నప్పుడు మా చిన్నమ్మ గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో విత్తనం పోయడం చూసేదాన్ని. జడ్డిగం అంటే విత్తనం సాళ్లలోకి జారేలా వెదురు గొట్టాలు బిగించిన గిన్నె. అరక కట్టేది మగవాళ్లు, విత్తనం పోసేది ఆడవాళ్లు. తడి మట్టితో గొట్టం పూడుకుంటే ఎద్దులు ఆగకముందే ఆమె తలలోంచి పిన్ను తీసి పొడిచి, దులిపి, మళ్లీ తలలో పెట్టుకునేది. ఏ కంది సాలూ ఖాళీగా పోయేది కాదు. దాన్ని యంత్ర పరిజ్ఞానం అని మేమెవరం అనుకోలేదు. పేటెంటులో బెర్తా పేరు లేదు. పట్టాలో చిన్నమ్మ పేరు లేదు. భూమి పోయినప్పుడు పరిహారం పట్టాదారుకు, అంటే చిన్నాయనకు వచ్చింది. ఆయన పోయాక మిగిలినదాన్ని కొడుకులు పంచుకున్నారు. ఆ ఆఫీసులో చిన్నమ్మ వేలిముద్ర వేసిన ఒకే ఒక్క కాగితం, తనకు అభ్యంతరం లేదని చెప్పేది.

తర్వాతి పేర్లు వెతుక్కున్నాను. ఇంగ్లండులో డొరొతీ లెవిట్, ఒక కార్ల కంపెనీలో టైపిస్టు. 1906లో బ్లాక్‌పూల్‌లో గంటకు దాదాపు 146 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1909లో ఆమె రాసిన పుస్తకంలో, కారు నడిపే స్త్రీలు చేతి అద్దం దగ్గరుంచుకుని వెనక వచ్చేది చూసుకోవాలని సలహా ఇచ్చింది. కార్లకు వెనక చూపే అద్దాలు అప్పటికింకా రాలేదు. అలంకారానికని మనకు అంటగట్టిన వస్తువును ఆమె పనిముట్టుగా మార్చింది. కాలిఫోర్నియాలో వేడా ఓర్, ఎస్‌సీటీఏ తనలోకి రానిచ్చిన మొదటి స్త్రీ. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్రాళ్లు సైన్యంలోకి పోతే, సంఘం వార్తాపత్రికను ఆమె నడిపించి సైనికులకు పంపింది. ఆ చెదిరిన గుంపు చరిత్ర నిలిచిందంటే ఆమె కాగితాల వల్ల కూడా. అయినా ఆ కాలం గురించి మాట్లాడేటప్పుడు ‘కుర్రాళ్లు’ అనేస్తాం. ఇందాక నేనూ అలాగే రాశాను.

1965 నవంబరులో లీ బ్రీడ్‌లవ్ జెట్ ఇంజను కారులో గంటకు 496 కిలోమీటర్ల వేగంతో స్త్రీల రికార్డు పెట్టింది. ఆమె ఆ కారెక్కిన కథ వేరు. ఉప్పు మైదానం ఆ రోజు తమ చేతిలోనే ఉండాలి, పోటీదారు ఆర్ట్ ఆర్ఫన్స్‌కు దొరకకూడదు. అందుకని ఆమె భర్త క్రెయిగ్ బ్రీడ్‌లవ్ ఆమెను కూర్చోబెట్టాడని చెబుతారు. బస్సులో సీటు కోసం తువ్వాలు వేసినట్టు. పదకొండు రోజుల తర్వాత అతను గంటకు 966 కిలోమీటర్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు.

కిటీ ఓనీల్ కథ ఇంకా బాధ పెడుతుంది. పసితనంలోనే వినికిడి పోగొట్టుకున్న మనిషి. 1976 డిసెంబరు 6న ఆరెగాన్ రాష్ట్రంలోని ఆల్వర్డ్ ఎడారిలో, మూడు చక్రాల రాకెట్ కారులో గంటకు 825 కిలోమీటర్ల సగటు వేగం అందుకుంది. కారులో ఇంకా శక్తి మిగిలే ఉంది. కానీ ఆమె ఒప్పందం స్త్రీల రికార్డు వరకే. అందరిదీ అనే రికార్డు హాల్ నీధామ్ అనే మగవాడి కోసం అట్టిపెట్టారు. ఆమెను ఆపారు. కోర్టుకు వెళ్తే లాభం లేకపోయింది. చివరికి ఆ కారుతో నీధామ్ కూడా ఆ రికార్డు అందుకోలేదు. ఆమె రికార్డు నలభై ఏళ్లకు పైగా నిలిచింది. దాన్ని దాటినది జెస్సీ కాంబ్స్. వెల్డింగూ లోహపు పనీ నేర్చి, కార్లను చేతులతో కోసి అతికిన మనిషి. 2019 ఆగస్టు 27న అదే ఎడారిలో, పాత యుద్ధ విమానం ఒంటితో చేసిన కారులో గంటకు 841 కిలోమీటర్లు అందుకుని, ముందు చక్రం విఫలమై చనిపోయింది. రికార్డును మరుసటి ఏడాది గుర్తించారు.

నిజం చెప్పాలంటే ఈ స్త్రీలంటే నాకు అసూయ. నేను స్కూటీ నేర్చుకున్నది ముప్పై ఆరో ఏట. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా బయటికి వెళ్లగలిగిన మొదటి సాయంత్రం నాకింకా గుర్తుంది. ముల్లు అరవై దాటితే గుండె దడదడలాడింది. ఆ దడలో భయం కంటే సంతోషమే ఎక్కువ. కాబట్టి వేగం మగవాళ్ల పిచ్చి అని తేల్చేసి పక్కన పెట్టలేను. అయితే నా స్వేచ్ఛకు రోడ్డు కావాలి. ఆ రోడ్డుకు ఎవరిదో నేల కావాలి. ఈ చిక్కు నా చదువుతో విడిపోవడం లేదు.

వేగానికి చదునైన, ఖాళీ నేల కావాలి. ఖాళీ అని ఎవరు చెప్పారన్నదే ప్రశ్న. బానవిల్ ఉప్పు మైదానాలున్న ప్రాంతం గోషూట్ ఆదివాసులది. రేసర్ల మ్యూరాక్‌ను సైన్యం తీసుకుంది, ఇప్పుడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. బానవిల్ ఉప్పు పొర కూడా పలచబడుతోంది. పొటాష్ కోసం ఉప్పునీటిని తోడెయ్యడమే కారణమని రేసర్లు దశాబ్దాలుగా గొడవపడుతున్నారు. 2014లో వానల వల్ల, 2015లో ఉప్పు బాగాలేక స్పీడ్ వీక్ రద్దయింది. ఖాళీగా ఉందన్న నేలను వాడుకున్నవాళ్లే ఇప్పుడు ఆ నేల పోతోందని దుఃఖపడుతున్నారు.

న్యాల్‌కల్ కూడా చేతులు మారడం తెలిసిన నేలే. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్‌ను కోసి మెదక్ జిల్లాకు అతికారు. యంత్రాలూ ఇక్కడికి కొత్త కాదు. హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్ కలిసి 1980లలో జహీరాబాద్‌లో పెట్టిన లైట్ ట్రక్కుల ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. ఆడవాళ్ల చేతుల్లో యంత్రాలూ కొత్త కాదు. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో నడిచిన దళిత స్త్రీల సంఘాలు బీడు భూముల్లో జొన్నా కందీ కలిపి పండించాయి, వీడియో కెమెరాలు పట్టాయి, 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో పెట్టాయి. ఆ స్త్రీలు కెమెరా భాషకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కళ్లు కళ్లకు ఎదురుగా ఉంటే సంఘం షాట్.

వేగం చరిత్రను ఇంతవరకూ మనకు చూపించింది ఎక్కువగా బానిస షాట్‌లోనే. కింద నిలబడి తలెత్తి చూసే మనం, పైన హెల్మెట్ పెట్టుకున్న వీరుడు. నేలను చూపించేది పటేల్ షాట్‌లో. ఆకాశం నుంచి తీసిన మ్యాపులో 12,635 ఎకరాలు, మనుషులు కనిపించనంత ఎత్తు. కంటి ఎత్తుకు కెమెరా దించితే లీ బ్రీడ్‌లవ్ ఆ సీట్లో ఎందుకు కూర్చుందో కనిపిస్తుంది. టోపీ పిన్నూ తలపిన్నూ పక్కపక్కన కనిపిస్తాయి. అభ్యంతరం లేదని వేసిన వేలిముద్ర కూడా కనిపిస్తుంది.

తిరిగి వచ్చే ముందు రోజు రాత్రి చిన్నమ్మకు కిటీ ఓనీల్ కథ చెప్పాను. చెవులు వినిపించకపోయినా నడిపిందని విని ఆశ్చర్యపోయింది. ఆపేశారని విని కోప్పడింది. “ఆమెకు చేతనైతదని తెల్వంగనే ఆపిన్రన్నట్టు,” అంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొయ్యిలో కంది కట్టె ఎగదోసి, నా వైపు చూడకుండానే అడిగింది.

“రోడ్డు ఏసినంక అసొంటోళ్లను ఒక్కపారి ఎక్కనిస్తర బిడ్డా? నన్ను తీస్కపో. ఆడ గెట్టు మీద ఏపచెట్టు ఉండె. ఏది నా చేనో నీకు చూపిస్త.”