తార్నాక ఎలుకలు, క్లోమంలో పుటికలు

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఉస్మానియా యూనివర్సిటీ వైపు వెళ్తుంటే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో బెరిబెరి మీద పరిశోధనకని కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తిండి చాలనివాళ్ల కోసం పుట్టిన ఆ సంస్థలోనే, ఎంత తిన్నా కడుపు నిండని ఎలుక ఒకటి పుట్టింది. ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో దాని గురించి ప్రకటించింది. ఆ సంతతిలో కిలోకు పైగా తూగినవీ ఉన్నాయి.

ఈ ఎలుక నెత్తుటిలో లెప్టిన్ పుష్కలం. కొవ్వు కణాలు విడుదల చేసే ఈ హార్మోన్ ఆకలిని తగ్గిస్తుంది, క్లోమంలోని బీటా కణాలను 'ఇన్సులిన్ ఇక చాలు' అని ఆపుతుంది కూడా. ఒంట్లో ఆ మాట వినే ఏర్పాటు దెబ్బతింటే ఇన్సులిన్ పొంగుతూనే ఉంటుంది. మొదటి సంతతి అలాగే రక్తంలో చక్కెరను అదుపులో పెట్టుకుంది. 2011లో వివరించిన మరో సంతతికి గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గిపోయింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. 1869లో లాంగర్‌హాన్స్ క్లోమంలో బీటా కణాలుండే చిన్న గుంపులను, అంటే పుటికలను, చూశాడు కానీ, అవెందుకున్నాయో చెప్పలేకపోయాడు. 1921లో ఇన్సులిన్ దొరికాక అందరి చూపూ పుటికలు ఇచ్చేదాని మీదే. అవి పుచ్చుకునే ఆజ్ఞలను పట్టించుకున్నవాళ్లు తక్కువ. క్లోమం తీసేసిన జంతువులకు పీయూష గ్రంథిని కూడా తీసేస్తే మధుమేహం తగ్గుముఖం పడుతుందని అర్జెంటీనాలో ఉస్సాయ్ చూపించాడు. 1937లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ యంగ్ ఇంకో అడుగు వేశాడు. కుక్కలకు రోజుల తరబడి పీయూష సారం ఎక్కించి ఆపేశాడు. అయినా మధుమేహం పోలేదు. అతిగా పనిచేయించిన పీయూష హార్మోన్ బీటా కణాలనే మింగేసింది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇన్సులిన్ కాదు, ఈ కుక్కలే.

గర్భం దాల్చినప్పుడు ఇదే హార్మోన్ల ఒత్తిడి మేలు చేస్తుంది. మావి నుంచి వచ్చే హార్మోన్ల ప్రభావంతో ఎలుకల్లో బీటా కణాలు పెరుగుతాయి, కాన్పయ్యాక మళ్లీ తగ్గుతాయి. అయితే ఈ ఒత్తిడి ఎప్పుడూ మేలే చేయదు, స్టిరాయిడ్ మాత్రలతో షుగర్ ఎగబాకడం మన ఇళ్లలో తెలిసిన సంగతే.

పేగుల హార్మోన్ కథ మరోలా నడిచింది. గ్లూకోజును నరంలోకి ఎక్కించినప్పటికన్నా నోటితో తాగినప్పుడే ఇన్సులిన్ ఎక్కువ వస్తుందని 1964లో తేలింది. 1980లలో ఆ తేడాకు కారణమైన పేగు హార్మోన్లలో ఒకటైన జీఎల్‌పీ-1 బయటపడింది. 1992లో జాన్ ఎంగ్ గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో దాని పోలిక కలదాన్ని కనుక్కున్నాడు. ఎలుకల్లో ఆ హార్మోన్‌లా పనిచేసే ఈ కోవ మందులు బీటా కణాల చావును తగ్గించాయి. 2025 మార్చిలో భారత మార్కెట్లోకి వచ్చిన మౌంజారో అనే మందు కూడా ఈ దారిలోదే.

ఎలుక క్లోమాన్ని కోసి కణాలు లెక్కపెట్టొచ్చు. బతికున్న మనిషికి ఆ వీలు లేదు. ఇన్సులిన్‌తో పాటే విడుదలయ్యే సీ-పెప్టైడ్‌ను రక్తంలో చూసి పుటికల పనితనాన్ని అంచనా వేయడమే. మందు మనిషి బీటా కణాలను నిజంగా కాపాడుతోందా, లేక ఉన్నవాటికి పని తేలిక చేస్తోందా అన్నది ఆ ఒక్క పరీక్షతో తేలదు.